పాకాచార్యుడు ఎస్కోఫియే

మన భారతకథలలో పాకవిద్యకు పేరెన్నిక గన్నవారు ఇరువురు: నలుడు, భీముడు. నేటికిని కమ్మని భోజనము చేసినపుడు నలపాకమనియు, భీమపాకమనియు మెచ్చుకొనుట మనకు పరిపాటి. అయితే ఈ యిరువురి కథలయందును మనము అంతగా గమనింపని విశేష మొకటి కలదు. నలుడు నిషధరాజ్యము నేలినంతకాలము గరిటె పట్టి జీవించినవాడు కాడు. రాజ్యము పోయి, రూపు మారి, బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువు చేరిన పిమ్మటనే ఆయన పాకకౌశలము జీవనోపాధియైనది. భీమసేనుడును అట్లే. విరాటుని నగరున వలలుడను మారుపేరుతో అజ్ఞాతవాసపు సంవత్సరమంతయు వంటయింట గడపెను. ఇరువురును దాగియుండుటకే ఆ పని నెన్నుకొనిరి. రాజును వెదకువారు వంటయింటికి వచ్చి చూడరు గదా! దమయంతి కేశినిచేత తెప్పించుకొన్న వంటకపు రుచినిబట్టి మగని గుర్తుపట్టినది. అక్కడ రుచి తన పేరు చెప్పుకొన్నది గాని, వండినవాడు చెప్పుకొనలేదు.

వంటపని ఇట్లు మనుష్యుని మరుగుపరచు వేషముగా నుండుట మన దేశమునకే పరిమితము కాదు. పందొమ్మిదవ శతాబ్ది నడుమవరకు యూరపుఖండమునందును వంటవాడు నేలమాళిగలో పనిచేసి, నేలమాళిగలోనే పేరులేక పోవువాడు. ఆ వేషమును విప్పి, వంటవానిని తన పేరుతో వెలుగులో నిలిపిన మహనీయులలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశస్థుడైన ఓగుస్త్ ఎస్కోఫియే. ఆయన కనిపెట్టిన వంటకములను గూర్చి లోకము విశేషముగా చెప్పుకొనును. నేను చెప్పదలచినది వానిని గూర్చి కాదు. ఆయన వంటశాలలో మనుష్యులను ఎట్లు దిద్దినాడో, తన విద్యను ఎట్లు పంచినాడో, అది చెప్పుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

పల్లెటూరి గ్రంథాలయ సంచికలో ఫ్రెంచి వంటవాని ప్రసక్తి యేల యని కొందరు పాఠకులు శంకింపవచ్చును. అన్నము పెట్టుట పుణ్యమనియు, అన్నము అమ్ముకొనుట తక్కువపని యనియు మనవారి తలంపు. అయినను అన్నవిక్రయము మనకు క్రొత్తదికాదు. క్రీడాభిరామమునందు ఓరుగంటి పూటకూటియింట ఒక్క రూకకు దొరకు భోజనపు వర్ణన యున్నది. ఆరువందల యేండ్లనాడే బాటసారులు డబ్బిచ్చి కడుపునిండ తినిరన్నమాట. నేడు మన పల్లెలనుండి ఎందరో యువకులు హైదరాబాదునకు, బెంగుళూరునకు, గల్ఫు దేశములకు పోయి పెద్ద హోటళ్ల వంటశాలలలో పనిచేయుచున్నారు. పెండ్లి సంబంధము మాటలాడునపుడు వారి పెద్దలు “హోటలులో ఉద్యోగము” అని యూరకుందురేగాని, “వంటవాడు” అని నోరార చెప్పరు. వలలుని మారుపేరు ఇంకను మన నడుమ నున్నది. కావుననే ఈ చరిత్ర మనకు అక్కరకు వచ్చునది.

ఎస్కోఫియే 1846 అక్టోబరు 28వ తేదీన ఫ్రాన్సు దక్షిణమున, నీస్ పట్టణమునకు సమీపమునగల విల్‌నవ్-లూబే యను గ్రామమున జన్మించెను. తండ్రి కమ్మరి. బాలునకు శిల్పి కావలయునని కోరిక. కాని యింటి పరిస్థితు లందుకు అనుకూలింపలేదు. 1859లో, పదుమూడవయేట, ఆయనను నీస్‌లో భోజనశాల నడుపుచున్న పినతండ్రికడ పనికి చేర్చిరి. బంధువను దయ అచ్చట లేదు. అంట్లు, కూరగాయలు, అంగడి బేరము మొదలు సమస్తమును కఠినశిక్షణతో నేర్వవలసివచ్చెను. బాలుడు పొట్టివాడగుటచే పొయ్యి సెగ ముఖమునకు కొట్టుచుండెడిది. పెద్దవాడైన పిమ్మట ఎత్తుమడమల బూట్లు తొడుగుకొని ఆయన ఆ బాధను కొంత తప్పించుకొనెను. శిల్పి కాలేకపోయితినను చింతను ఆయన వేరొక తీరున తీర్చుకొనెను. ఏ పనిలో పడితినో ఆ పనినే కళగా చేసెదనని పూనుకొనెను.

ఆనాటి వంటశాలల స్థితి యెట్టిదో కొంత తెలిసికొననిదే ఆయన చేసిన పని విలువ తెలియదు. గాలి చొరని నేలమాళిగలు, బొగ్గు పొయ్యిలు, పొగ, భరింపరాని వేడి. ఆ వేడికి తాళలేక పనివారు సారాయి త్రాగెడివారు. త్రాగినవారు కేకలు వేసెడివారు, కలహించెడివారు, చిన్నపిల్లలను కొట్టెడివారు. ఎస్కోఫియేకు ముందుతరమువాడు, ఫ్రెంచి పాకశాస్త్రమునకు ప్రమాణపురుషుడు అని చెప్పదగిన కెరేమ్ అను మహాపాచకుడు, రాజులకును రాయబారులకును విందులు కూర్చినవాడు, 1833లో ఏబదియేండ్లు నిండకయే కన్నుమూసెను. ఏండ్లతరబడి పీల్చిన బొగ్గుపొగయే ఆయన యాయువును హరించినదని చెప్పుదురు. అంతటివానికే ఆ గతి పట్టినపుడు, పేరులేని కూలివారి గతి చెప్పనేల?

1865లో ఎస్కోఫియే పారిస్ నగరము చేరి, ‘పెతీ మూలాఁ రూజ్’ అను భోజనశాలలో పనిచేసెను. 1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము వచ్చినపుడు రైను సేనలోని అధికారులకు వంటవాడుగా వెడలెను. మెట్జ్ కోటను శత్రువులు ముట్టడించిరి. రానున్న కరవును ముందే ఊహించి ఆయన కోళ్లను, బాతులను, మేకను కూడబెట్టి పెంచెను. అవి తరిగిపోయినపుడు గుఱ్ఱపుమాంసమును సైతము తినదగినట్లు వండవలసివచ్చెను. అక్టోబరు నెలాఖరున కోట లొంగిపోగా ఆయనయు బందీ యయ్యెను. ఆ కష్టకాలము ఆయనకు రెండు పాఠములు నేర్పినది. ఉన్నదానిని వ్యర్థము చేయరాదనునది మొదటిది. సేనవలె వంటశాలయు నిర్ణీతమైన క్రమముతో నడువవలయుననునది రెండవది.

1884లో మాంటెకార్లోలోని గ్రాండ్ హోటలున ఆయనకు సేజర్ రిట్జ్‌తో సహవాసము కలిగెను. రిట్జ్ స్విట్జర్లాండు కొండపల్లెలోని రైతుబిడ్డ. అతిథిమర్యాదలో అసామాన్యుడు. ముందరి హాలు రిట్జ్‌ది, వెనుకటి వంటశాల ఎస్కోఫియేది. కమ్మరి కొడుకును రైతు కొడుకును కలసి యూరపు రాజవంశముల వారికి ఆతిథ్యమన నేమో నేర్పిరనుట అతిశయోక్తి కాదు. 1889లో లండను నగరమున థేమ్సునది యొడ్డున సవాయ్ హోటలు తెరచిరి. మరుసటియేడు, 1890లో, దానిని నడుపుటకు ఈ యిరువురిని పిలిపించిరి.

సవాయ్ వంటశాలలోనే ఎస్కోఫియే తన సంస్కరణమును పూర్తిగా అమలుపరచెను. అంతకుముందు ఒక్కొక్క వంటవాడు తన మూల తాను కూర్చుండి, ఒక వంటకమును మొదటినుండి చివరిదాక తానొక్కడే చేసెడివాడు. ఒకే పని నలుగురు నాలుగుచోట్ల చేయుచుండుటచే సరకు వ్యర్థము, కాలము వ్యర్థము. ఎస్కోఫియే వంటశాలను విభాగములుగా విడదీసెను. సాసులు, అనగా పులుసుల వంటి చిక్కని రసములు చేయువాడొకడు. కాల్చుటకును వేపుటకును ఒకడు. చేపల కొకడు, కూరగాయలకును గ్రుడ్లకును ఒకడు, చల్లని పదార్థములకును నిలువ సరకునకును ఒకడు, పిండివంటల కొకడు. అందరిపైన ప్రధానపాచకుడు. దీనినే ‘బ్రిగేడు’, అనగా దళము, అని పిలుతురు.

ఇది ఎట్లు పనిచేయునో ఒక యుదాహరణముచే విశదమగును. ‘మేయర్‌బీర్ గ్రుడ్లు’ అను వంటకమొకటి కలదు. వెన్నలో వండిన గ్రుడ్లు, కాల్చిన గొఱ్ఱెపిల్ల మూత్రపిండము, దానిపై ట్రఫుల్ అను భూమిలో దొరకు పుట్టగొడుగుతో చేసిన సాసు. వెనుకటి పద్ధతిని ఒక్కడే చేసినచో దీనికి పదునైదు నిమిషములు పట్టెడిది. క్రొత్తపద్ధతిలో ముగ్గురు మూడు విభాగములలో ఒకేసారి మొదలుపెట్టగా కొద్ది నిమిషములలో పళ్లెము సిద్ధమయ్యెడిది. మన పల్లెలలో వరినాట్లు వేయునపుడు నారు తీయువారు, మోయువారు, నాటువారు వేరువేరుగా నుండుట ఎరుగనివారు లేరు. సూత్రమొక్కటే. దానిని పొయ్యిచెంతకు తెచ్చినది ఆయన.

లెక్కలు వ్రాసి బ్రతుకువాడను గనుక నన్ను మిక్కిలి ఆకర్షించినది వేరొక యేర్పాటు. అతిథి కోరిన పదార్థములను వడ్డనవాడు ఒకేసారి మూడు ప్రతులుగా వ్రాయవలెను. ఒక చీటీ వంటశాలకు, ఒకటి రొక్కము పుచ్చుకొనువానికి, ఒకటి వడ్డనకు. ఎవరేమి తినిరి, ఎంత చెల్లింపవలె నను విషయమున వివాదమునకు తావులేదు. చిట్టాయు ఆవర్జాయు సరిపోయినట్లు మూడు చీటీలును సరిపోవలెను.

ఇక ఆయన గురుత్వమును గూర్చి చెప్పవలసియున్నది. తన వంటశాలలో కేకలు, తిట్లు, మద్యము ఆయన నిషేధించెను. వేడికి దప్పి కలుగుట నిజమే కావున, వైద్యుని సలహాతో యవలు కాచిన నీటిని ఎల్లవేళల సిద్ధముగ నుంచెను. కేవలము ‘వలదు’ అని చెప్పి యూరకొనక, ప్రత్యామ్నాయమును చూపుట ఉత్తమగురువు లక్షణము గదా. హాలునుండి వచ్చిన కోరికలను వంటవారికి గట్టిగా అరచి చెప్పువానికి ఫ్రెంచిలో ‘అరచువాడు’ అని పేరుండెను. ఆయన ఆ పేరునే మార్చి ‘ప్రకటించువాడు’ అని పెట్టి, మెల్లగా స్పష్టముగా పలుకవలెనని నియమించెను. తనకే కోపము వచ్చినపుడు, చెవితమ్మెను లాగికొని, చెంపను రుద్దుకొని, కోపము హెచ్చుచున్నదని చెప్పి బయటికి నడచి, చల్లబడిన పిదప తిరిగి వచ్చెడివాడు. పనివారు వీధిలోనికి పోవునపుడు శుభ్రమైన దుస్తులు ధరింపవలెననియు, తీరిక వేళల చదువుకొనవలెననియు ప్రోత్సహించెను. తాను చిన్ననాడే బడి విడిచినవాడు గనుక, చదువులేమి యెట్టి లోటో ఆయనకు తెలియును.

సవాయ్ రోజులలోనే నెల్లీ మెల్బా యను ఆస్ట్రేలియా గాయని గౌరవార్థము ఆయన ‘పీచ్ మెల్బా’ అను తీపివంటకమును కల్పించెను. లోకమునకు ఆ పేరు తెలియును. అంతగా తెలియని దొకటి యున్నది. ధనికులు విడిచిన పదార్థములు వ్యర్థము కాకుండ, వృద్ధాశ్రమము నడపు సన్న్యాసినులకు ఇచ్చు ఏర్పాటు ఆ వంటశాలలో నుండెను. మెట్జ్ కోటలో నేర్చిన పాఠమును ఆయన మరువలేదు.

ఇంతవరకు జమ పక్షము వ్రాసితిని. ఖర్చు పక్షము వ్రాయనిచో అది లెక్క యనిపించుకొనదు. 1898 మార్చి 8వ తేదీన సవాయ్ యాజమాన్యము రిట్జ్‌ను, ఎస్కోఫియేను పనినుండి తొలగించెను. సరకులమ్మువారివద్ద ఎస్కోఫియే నూటికి ఐదువంతులదాక కమీషను పుచ్చుకొనెనని విచారణలో తేలినది. వర్తకులు ఆ నష్టమును పూడ్చుకొనుటకు తూకము తగ్గించి సరకు పంపిరి. 1900 జనవరిలో ఆయన తప్పును అంగీకరించి సంతకము చేసెను. సుమారు 8,000 పౌనులు బాకీ తేలగా 500 పౌనులు చెల్లించి పరిష్కరించుకొనెను. ఈ పత్రములు లోకమునకు తెలియుట 1980వ దశాబ్దమున జరిగినది. ఆ రోజులలో ప్రధానపాచకులు ఇట్టి కమీషను పుచ్చుకొనుట చాలచోట్ల వాడుకయే యని కొందరు సమర్థింతురు. వాడుకయైనంత మాత్రమున తక్కువతూకము పూర్ణతూకము కానేరదు. మూడు చీటీల లెక్క ఏర్పరచినవాడే, ఏ చీటీలోను చేరని సొమ్ము పుచ్చుకొనెననుట విచారకరము.

ఆయన తొలగింపబడిన నాడు వంటవారనేకులు పొయ్యిలు విడిచి ఆయనవెంట నడచిరి. పోలీసులను పిలువవలసినంత గడబిడ జరిగినది. గురువు దోషము నెరిగి నడచిరో, ఎరుగక నడచిరో గాని, ఆయనయందు వారికి గల విశ్వాసము మాత్రము అందు స్పష్టమగుచున్నది. ఆ విశ్వాసమునకు తగినట్లు ఆయన తరువాతి జీవితము గడపెనా యన్నదే అసలు ప్రశ్న.

అదే సంవత్సరము పారిస్‌లో రిట్జ్ హోటలును, 1899లో లండనులో కార్ల్టన్ హోటలును తెరచిరి. కార్ల్టన్ వంటశాలలో అరువదిమంది ఆయన క్రింద పనిచేసిరి. 1902 జూను నెలలో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకమునకు సర్వము సిద్ధమైయుండగా, రెండుదినములు ముందు రాజునకు జబ్బుచేసి ఉత్సవము వాయిదా పడినది. ఆ దెబ్బకు రిట్జ్ మనస్సు చెదరి మరల కోలుకొనలేదు. ఎస్కోఫియే ఒంటరిగా నిలిచి 1920 వరకు ఆ వంటశాలను నడపెను.

1903లో ఆయన ‘గీద్ క్యులినేర్’, అనగా పాకమార్గదర్శి, అను గ్రంథమును ఫిలియాస్ జిల్బేర్, ఎమీల్ ఫెత్యూ మున్నగు సహచరుల తోడ్పాటుతో ప్రకటించెను. అందు సుమారు 5,000 పాకవిధానములు కలవు. పెద్దలు తమకు తెలిసిన మెలకువలను చనిపోవువరకు గుట్టుగా నుంచుకొనుట వంటవారిలో వాడుక. మన వైద్యులలోను, శిల్పులలోను ఈ యలవాటు ఎంత విద్యను చితిపాలు చేసినదో పెద్దలెరుగుదురు. ఎస్కోఫియే తనకు తెలిసినదెల్ల అచ్చువేయించి, నేర్వగోరు పిల్లవాని చేతికిచ్చెను. ఆ గ్రంథము నేటికిని వంటవారి బడులలో ప్రమాణముగ చెల్లుచున్నది.

1910లో దారిద్ర్య నిర్మూలనమునకై పరస్పర సహాయపథకమును ప్రతిపాదించుచు ఆయన ఒక చిన్నపుస్తకము వ్రాసెను. పొయ్యిముందు ముప్పదియేండ్లు నిలిచి, ముసలితనమున దిక్కులేక పోయిన సహచరులను ఆయన చూచియుండెను. 1914లో మహాయుద్ధము వచ్చినపుడు, సేనలో చేరిన వంటవారి కుటుంబములకు చందాలు ప్రోగుచేసి పంపెను. ఆయన కుమారుడు దానియేల్ ఆ యుద్ధముననే మరణించెను. ఫ్రెంచి ప్రభుత్వము 1919లో ‘లిజియన్ ఆఫ్ ఆనర్’ బిరుదమిచ్చి, 1928లో దానిని పెద్ద హోదాకు పెంచెను. అదే 1928 అక్టోబరులో పారిస్‌లో నానాదేశముల వంటవారి సంఘములు ఏకమై ప్రపంచసమాఖ్యగా నేర్పడి, ఆయనను తొలి గౌరవాధ్యక్షునిగా నెన్నుకొనెను. 1935 ఫిబ్రవరిలో భార్య మరణించిన కొద్దిదినములకే, 12వ తేదీన, ఎనుబదియెనిమిదవ యేట ఆయన మాంటెకార్లోలో కన్నుమూసెను.

ఆయన లెక్కలో నేను చూచిన లోపము మరియొకటి కలదు. ఆయన దళములలో ఉన్నవారు పురుషులే. తరతరములుగా ఇంటింట పొయ్యి రాజేసిన స్త్రీకి ఆ గౌరవములో పాలు రాలేదు. వంటతో స్త్రీ పేరు నిలుచుట యెట్లో తెలియుటకు మనము దూరము పోనక్కరలేదు. ఆ కాలముననే మన గోదావరి లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళకాని వేళ వచ్చిన బాటసారులకు సైతము అన్నము పెట్టి అపరాన్నపూర్ణ యనిపించుకొనెను. లండనులో ఎస్కోఫియే యెవరి పట్టాభిషేకమునకు విందు సిద్ధము చేసెనో, ఆ ఎడ్వర్డు చక్రవర్తినుండియే సీతమ్మగారికి ఆహ్వానము వచ్చినదనియు, ఆమె పోలేదనియు గోదావరి సీమలో చెప్పుకొందురు. ఆమె అన్నమును అమ్మలేదు. ఆయన అమ్మెను. కాని తన విద్యను మాత్రము ఆయన తనకొరకు దాచుకొనలేదు. ఇరువురి పేర్లును నిలుచుటకు కారణము ఈ పంచియిచ్చు గుణమే.

గురువు విలువను కొలుచుటకు శిష్యులకంటె మేలైన తూనిక లేదు. ఎస్కోఫియే పోయిన పందొమ్మిదియేండ్లకు, 1954లో, నీస్ పట్టణమున ఆయన శిష్యులమని చెప్పుకొనువారు ఒక సంఘముగా నేర్పడిరి. ఆయనవద్ద పని నేర్చి, అమెరికా పోయి ధనికుల యిండ్ల వంటశాలల నడపిన జోసెఫ్ దొనోఁ అను శిష్యుడు, గురువు పుట్టిన కమ్మరియింటిని పాకకళా ప్రదర్శనశాలగా మార్చుటకు పూనుకొనెను. 1966లో అది తెరవబడినది. గురువు మరణించిన ముప్పదియొక్క యేండ్లకు శిష్యుడు చెల్లించిన దక్షిణ యది.

నేడు హైదరాబాదులోని పెద్ద హోటలు వంటశాలలోనికి పోయినను, విభాగములు, వాని పెద్దలు, వారిపై ప్రధానపాచకుడు అను ఆ యేర్పాటే కానవచ్చును. మన పిల్లలు ఆయన పేరు తెలియకయే ఆయన నియమమున పనిచేయుచున్నారు. కొన్నిచోట్ల ఆ దళపు హోదాలు మాత్రము మిగిలి, ఆయన మెల్లని మాట మరుగునపడినది. క్రింది పిల్లవానిని బూతులాడి కొట్టుటయే శిక్షణమని తలచు పెద్దలు ఇంకను కలరు. అట్టివారు ఆయన దళమును అనుకరించిరి గాని ఆయన గురుత్వమును గ్రహింపలేదు.

మన యూరినుండి వెడలి వంటపని చేయుచున్న పిల్లలు పండుగలకు పబ్బములకు ఇంటికి వత్తురు. వారిని “ఏ హోటలు? జీతమెంత?” అని మాత్రమే అడిగి విడువవలదు. “నీవు ఏమి వండుదువు నాయనా? ఎవరికడ నేర్చితివి? ఇప్పుడు నీవు ఎవరికి నేర్పుచున్నావు?” అని అడుగుదము. సమాధానము చెప్పునపుడు ఆ పిల్లవాడు తన పనిని, తన గురువును పేరుపెట్టి చెప్పుకొనును. పెండ్లి సంబంధము చూచునపుడు పెద్దలును అదే మాట నిస్సంకోచముగ చెప్పుట నేర్తురుగాక.